విదూషక మీనమునకు జత కూర్చుట

రెండు చేపలు ఒకే నిడివి, ఒకే వన్నె, ఒకే చారలు గలవైనచో గాజు తొట్టి చూడముచ్చటగా ఉండునని తలచితిమి. జత యనగా సరిసమానమైన రెండు అనియే మాకు తెలిసిన అర్థము. ఎడ్ల జత, గాజుల జత, చెప్పుల జత, ఏది చూచినను అంతే కదా! ఆ అర్థమును పట్టుకొనియే తొట్టిలోని సముద్రపు చేపకు తోడు తెచ్చితిమి. నాలుగవ నాటి ఉదయమున ఆ తోడు రెక్కలు చినిగి, ప్రక్కకు ఒరిగి తొట్టి అడుగున పడియుండెను.

ఆ పొరపాటు ఎందువలన కలిగినది, రెండవమారు దానిని ఎట్లు దిద్దుకొంటిమి అనునదియే ఈ వ్యాసవిషయము. మేము తెలుగు బోధించువారము. జంతుశాస్త్రము మా విద్య కాదు. ఐనను జంతుశాస్త్ర ప్రయోగశాలలో గోడ చెంతనున్న ఆ ఉప్పునీటి తొట్టి సంరక్షణలో ఆ శాఖ మిత్రులతోపాటు మాకును పాలు కలదు. కావున ఈ వ్యాసములో శాస్త్రము వారిది, తప్పులు మావి అని పాఠకులు గ్రహింతురు గాక. ఇంటిలో చేపలు పెంచు విద్యార్థులు మన కళాశాలలో పెక్కుమంది కలరు. మంచినీటి చేపలతో తృప్తిపడక సముద్రపు చేపల వైపు చూచుచున్నవారికి ఈ నాలుగు మాటలు పనికివచ్చి ఒక చేప ప్రాణమైనను నిలిచినచో మాకదియే చాలును.

ఇంగ్లీషున దీనిని క్లౌన్ ఫిష్ అందురు. నారింజ వన్నె దేహము, నల్లని అంచులు గల మూడు తెల్లని చారలు, ఒడలు ఊపుచు ఈదు తీరు చూచి దీనికి సర్కసు హాస్యగాని పేరు పెట్టిరి. 2003లో వచ్చిన ‘ఫైండింగ్ నీమో’ చలనచిత్రము దీనిని ఇంటింటి పిల్లలకును ఎఱుకపరచినది. మేము దీనిని విదూషక మీనమని వ్యవహరించుచున్నాము. ఉర్దూ శాఖ మిత్రులు ‘మస్ఖరా మఛ్లీ’ యని పిలిచి ఆ పేరును మాకంటె ముందే విద్యార్థుల నోట నిలిపిరి. పేరు చూచి మోసపోరాదు. సంస్కృత నాటకములందలి విదూషకుడు తిండిమీద ఆశ గలవాడు, నాయకునకు చెలికాడు, ఎవరికిని హాని తలపెట్టనివాడు. ఈ చేపకు వానిలో మొదటి గుణము మాత్రమే సరిపోవును.

మా తొట్టిలోనిది ఆంఫిప్రియాన్ ఒసెల్లారిస్ అను జాతిది. 1830లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్యూవియే దీనిని వర్ణించెను. అండమాన్ నికోబార్ దీవులు మొదలుకొని ఇండొనీషియా, ఫిలిప్పీన్సుల మీదుగా ఆస్ట్రేలియా వాయవ్య తీరము వరకును, ఉత్తరమున జపాను దక్షిణ దీవుల వరకును పగడపు దిబ్బల చెంత లోతు తక్కువ గల నీటిలో ఇది నివసించును. అచ్చట దీని ఇల్లు ఎనిమోను. ఎనిమోను చూచుటకు పువ్వువలె నుండు జంతువు. దాని చేతుల నిండ దంశకణములు. ఇతర చేపలు తగిలినచో అవి గ్రుచ్చి విషము నెక్కించును. విదూషక మీనమును మాత్రము దాని ఒంటిమీది జిగట పొర కాపాడును. చేపకు రక్షణ, ఎనిమోనుకు చేప విసర్జించు పోషకములు, శత్రువుల నుండి కావలి. ఈ సహజీవనమును 1868లో చైనా సముద్రమున చూచి లోకమునకు తెలిపినవాడు కాలింగ్‌వుడ్ అను ఇంగ్లీషు ప్రకృతి శాస్త్రజ్ఞుడు.

ఇచ్చట ఒక్క సంగతి గట్టిగా గుర్తుంచుకొనవలెను. ఎనిమోను దాటి బయటకు పోయిన ఈ చేపను పెద్ద చేపలు బ్రతుకనీయవు. మంచి ఈతగత్తె కాదు. దాగుటకు వేరు చోటు లేదు. అనగా ఉన్న ఇంటిలోనే ఇమిడి బ్రతుకవలెను, లేనిచో చావవలెను. ఈ నిర్బంధము నుండియే దాని కుటుంబ వ్యవస్థ యంతయు పుట్టినది.

ఒక ఎనిమోనులో నివసించు చేపలలో అన్నిటికంటె పెద్దది ఆడు. దాని తరువాతి పరిమాణము గలది మగ. ఆ రెండే సంతానమును కనును. మిగిలినవి రెండో మూడో ఉన్నచో అవి ఒకదానికంటె ఒకటి చిన్నవై, మెట్లు మెట్లుగా క్రింద నుండును. వానికి సంతాన యోగము లేదు. ఆడు చేప చనిపోయినచో మగచేపయే క్రమముగా ఆడుగా మారును. క్రింది మెట్టుననున్న పెద్ద చేప మగ స్థానమునకు వచ్చును. వృక్షశాస్త్ర గ్రంథములలో పుష్పములను గూర్చి చదువు ‘పుంభాగ ప్రథమోత్పత్తి’ అను మాట ఇచ్చటను చెల్లును. ముందు మగతనము, పిదప ఆడుతనము. ఆడుగా మారినది మరల మగ కాజాలదు. ఈ మార్పు పెత్తనముతో ముడివడియున్నదని, పై చేప అదుపు ఉన్నంతవరకు క్రింది చేప ఆడు కాదని హాన్స్ ఫ్రికే, సిమోన్ ఫ్రికే అను పరిశోధకులు 1977లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించిరి.

అంతకంటె ఆశ్చర్యకరమైన సంగతిని 2003లో పీటర్ బస్టన్ అదే పత్రికలో వెల్లడించెను. పాపువా న్యూగినీలోని మడాంగ్ సరస్సులో ఆయన పెర్క్యులా అను దగ్గరి జాతి చేపలను కొలిచి చూచెను. క్రింది మెట్టు చేప తన పై చేపను మించకుండునట్లు, దానికిని తనకును నడుమ నిర్ణీతమైన తేడా చెడకుండునట్లు, తన ఎదుగుదలను తానే అదుపులో నుంచుకొనునట! తిండి చాలక కాదు. ఎదిగినచో పోటీదారు అగును, పోటీదారైనచో తరిమివేయబడును, తరిమివేయబడినచో ఎనిమోను బయట చావు. కావున అది చిన్నదిగా నుండి తన వంతు వచ్చువరకు వేచియుండును. ఈ చేపలు చాల ఏండ్లు బ్రతుకును గనుక ఆ నిరీక్షణ వ్యర్థము కాదు.

మత్స్యన్యాయమను మాట మనకు క్రొత్త కాదు. పెద్ద చేప చిన్న చేపను మ్రింగును. రాజు లేని రాజ్యము అట్లుండునని పెద్దలు చెప్పిరి. భాగవతములోని సత్యవ్రతుని కథలో దోసిట పడిన చిరుచేప పెద్ద చేపల భయము చెప్పుకొని శరణు కోరును. పిదప కమండలువు చాలనంతగా, చెరువు చాలనంతగా ఎదుగును. విదూషక మీనముల లోకమున న్యాయము వేరు. చిన్నది చిన్నదిగా నున్నంతవరకు దానికి శరణు కలదు. కమండలువును మించి ఎదిగినప్పుడే దానికి ముప్పు. ఈ వ్యవస్థను మెచ్చుకొనుమని మేము చెప్పుట లేదు. మనుష్యులకు దీనిని అన్వయించుట మరింత ప్రమాదము. తొట్టిలో చేపను విడుచువాడు మాత్రము దీనిని ఎఱుగక చేయి పెట్టరాదు.

పరిమాణమే వీనికి సర్వస్వమనుటకు మరియొక క్రొత్త నిదర్శనము కూడ కలదు. 2023లో పాపువా న్యూగినీలోని కింబే అఖాతమున సముద్రము మిక్కిలి వేడెక్కినప్పుడు 134 పెర్క్యులా చేపలను నెలనెల కొలిచిరి. వానిలో సుమారు నాల్గింట మూడు వంతులు పొడవు తగ్గినవి. సన్నబడుట కాదు, నిడివియే కుంచించుకొనుట! అందును జతలోని రెండు చేపలును కలిసి తగ్గినచోట బ్రతికిబయటపడు అవకాశము హెచ్చెను. 2025లో వెలువడిన ఈ పరిశోధనను చదివినప్పుడు, నడుమనున్న తేడాను కాపాడుకొనుటకు ఇవి ఎంతకైనను సిద్ధపడునని మాకు నమ్మకము కలిగినది.

ఇప్పుడు మా తప్పునకు వత్తము. మొదటి చేప మా తొట్టిలో పదునాలుగు నెలలు ఒంటరిగా నుండెను. సుమారు 7 సెంటీమీటర్ల నిడివి. అప్పటికది ఆడుగా మారియుండుటకు అవకాశము మెండు. మారకున్నను ఆ తొట్టిలోని ప్రతి రాయియు, ప్రతి మూలయు దానిదే. అట్టి చోటికి అంతే నిడివిగల మరియొక చేపను తెచ్చి విడిచితిమి. అమ్మినవాడు ‘రెండును సరిజోడి’ అనెను. మేమును అదియే కోరితిమి గనుక అతనిని తప్పుపట్టలేము. మొదటినాడు రెండును ప్రక్కప్రక్కన నిలిచి ఒడలు చాపి చూచుకొన్నవి. రెండవనాడు మూతులు కలిపి గిరగిర తిరిగినవి. ప్రయోగశాలకు వచ్చిన విద్యార్థులు ముద్దులాడుకొనుచున్నవనిరి. మేమును వారితో కలిసి నవ్వితిమి. అవి దవడలు పట్టుకొని కొట్లాడుచున్నవని ఆ శాఖ మిత్రులు సెలవునుండి వచ్చి చెప్పువరకు తెలియలేదు. అప్పటికి ఆలస్యమయ్యెను. సముద్రములోనైనచో ఓడినది పారిపోవును. 75 సెంటీమీటర్ల తొట్టిలో ఎచ్చటికి పారిపోవును? నలుగురి యెదుట జరిగిన ఆ వధను వినోదముగా చూచితిమను బాధ మాకు ఇప్పటికిని పోలేదు.

సాటి రూపము స్నేహమునకు కారణమగునని మనము అనుకొందుము. ఈ చేప విషయమున సాటి రూపమే పగకు కారణము. 2024లో జపానులోని ఒకినావా శాస్త్ర సాంకేతిక సంస్థ పరిశోధకులు ప్రకటించిన ప్రయోగము దీనిని చక్కగా చూపినది. వారు గ్రుడ్డు నుండి పెంచిన ఒసెల్లారిస్ పిల్లల యెదుట చారలులేని, ఒక చార గల, రెండు చారలు గల, మూడు చారలు గల బొమ్మచేపలను కదిలించిరి. మూడు చారల బొమ్మను ఎక్కువగా పొడిచినవి. చారలేని దానిని అంతగా పట్టించుకొనలేదు. తమవలె మూడు చారలు గలదియే తమ ఇంటికి పోటీ వచ్చునది గదా! ఇతర జాతి చేపలతో హాయిగా నుండిన చేప తన జాతి చేపను చూడగనే మండిపడుటలో వింత లేదు. సీసాలో ఫైటరు చేపను పెంచి దానికి అద్దము చూపిన పిల్లలకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు.

మరి రెండవ చేపను తేనేరాదా? తేవచ్చును. పై చెప్పిన వ్యవస్థయే అందుకు దారి చూపుచున్నది. మొదటిది ఆడైనను కాకున్నను, రెండవది దానికంటె స్పష్టముగా చిన్నదై, ఇంకను ఆడు కాని పిల్లచేపయై యుండవలెను. మొదటిదానిలో సగము నిడివి, లేక అంతకు తక్కువయైనచో మంచిది. రెండు పెద్ద చేపలను, అందును రెండు ఆడుచేపలను కలుపుటకు ఏ ఉపాయమును లేదు. ఇంకను తొట్టి ఖాళీగా నున్నవారు మా కష్టము పడనక్కరలేదు. ఒకేనాడు రెండు పిల్లచేపలను, ఒకటి కొంచెము పెద్దది, ఒకటి చిన్నది, తెచ్చి విడిచినచో పెద్దరికమును అవియే తేల్చుకొనును.

జాతియు ఒకటే కావలెను. మన్నారు సింధుశాఖ ప్రాంతమున దొరకు సెబే జాతి చేప కూడ అంగళ్ళలో విదూషక మీనము పేరనే అమ్ముడుపోవును. అది ఒసెల్లారిస్ కంటె చాల పెద్దది కాగలదు. చిన్న తొట్టికి తగదు. సముద్రమునుండి పట్టిన దానికంటె హేచరీలో పుట్టినది మేలు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు తమిళనాడులోని మండపమునందును, కేరళలోని విళింజమునందును విదూషక మీనములను గ్రుడ్డు నుండి పెంచు విధానములను సాధించిరి. హేచరీ పిల్ల గుళికల ఆహారమునకు అలవాటుపడి యుండును. పగడపు దిబ్బనుండి ఒక చేప తగ్గదు. కొనునప్పుడు చేపను చూపుమని కాక, దానికి తిండి వేసి చూపుమని అడుగవలెను. మా చిన్నచేప 3 సెంటీమీటర్లది. గుళిక నీట పడకముందే పైకి ఎగిరెను. అది చూచియే కొంటిమి.

తెచ్చిన వెంటనే పెద్ద తొట్టిలో విడువరాదు. వేరు తొట్టిలో కనీసము నాలుగు వారములు ఏకాంతముగా ఉంచవలెను. మేము 20 లీటర్ల ప్లాస్టిక్ టబ్బులో స్పంజి ఫిల్టరు, హీటరు, దాగుటకు ఒక పి.వి.సి. గొట్టపు ముక్క ఉంచితిమి. ఇది అనవసర శ్రమయని పలువురు అందురు. క్రిప్టోకేరియాన్ అను పరాన్నజీవి చేప ఒంటిమీద తెల్లని చుక్కలుగా కనిపించి, పిదప రాలి అడుగున గూడు కట్టుకొని, కొన్ని దినములకో వారములకో పగిలి మరల చేపలను పట్టును. చుక్కలు పోయినవి గనుక రోగము పోయినదనుకొనుట ఇందువలననే పొరపాటు. బ్రూక్లినెల్లా అను మరియొకటి విదూషక మీనములకు ప్రత్యేక శత్రువు. ఒంటినుండి తెల్లని జిగట పొరలు పొరలుగా ఊడి, చేప పైకి వచ్చి ఆయాసపడి, ఒకటి రెండు దినములలో చనిపోవచ్చును. మందులు, వాని మోతాదులు తెలిసినవారిని అడిగి వాడవలసినవి. పెద్ద తొట్టిలో కలుపరానివి. ఈ నాలుగు వారములలో చిన్నచేపకు ఏ రోగమును రాలేదు. ఆ కాలము వ్యర్థమని మాకు తోచలేదు.

నీటిని గూర్చి ఇంటివద్ద పెంచువారికి కొన్ని మాటలు. మా తొట్టి 75 సెంటీమీటర్ల నిడివి, 30 వెడల్పు, 38 ఎత్తు. రాళ్ళు, ఇసుక పోగా సుమారు 70 లీటర్ల నీరు పట్టును. ఇట్టి చిన్న తొట్టిలో రెండవ చేప రాక యనగా మలినము ఇంచుమించు రెట్టింపగుట. చేప విసర్జించు అమ్మోనియాను ఒక తెగ సూక్ష్మజీవులు నైట్రైట్‌గాను, వేరొక తెగ దానిని నైట్రేట్‌గాను మార్చును. ఆ సూక్ష్మజీవులు రాళ్ళమీద, ఫిల్టరులో పెరిగి ఒక చేపకు సరిపోవునంతగా నిలుకడ పొందియుండును. రెండవదానికి తగునట్లు పెరుగుటకు వానికి వ్యవధి కావలెను. అందుచే మొదటి రెండు వారములు తిండి తగ్గించి, అమ్మోనియా, నైట్రైట్ రెండును సున్నయని దినము విడిచి దినము పరీక్షించితిమి. సాపేక్ష సాంద్రత 1.025, ఉష్ణోగ్రత 26 డిగ్రీలు, పి.హెచ్. 8.1 నుండి 8.3. బోరునీటితో ఉప్పు కలుపరాదు, ఆర్.ఓ. నీరు వాడవలెను. ఆవిరియై తగ్గిన నీటికి బదులు మంచినీరే పోయవలెను గాని ఉప్పునీరు కాదు. ఆవిరియైనది నీరు మాత్రమే, ఉప్పు తొట్టిలోనే ఉన్నది గదా. మన ప్రాంతపు వేసవిలో నీరు వేడెక్కిన కొలది అందు కరగియుండు ప్రాణవాయువు తగ్గును. కరెంటు పోయినప్పుడు పనిచేయుటకు బ్యాటరీ గాలిపంపు ఒకటి దగ్గరనుంచుకొనుట మేలు. వేసవిలో క్రొత్త చేపను తేకుండుట ఇంకను మేలు.

ఎనిమోను లేకుండ ఇవి బ్రతుకునా యని చాలమంది అడుగుదురు. తొట్టిలో వేటాడు శత్రువు లేడు గనుక నిక్షేపముగా బ్రతుకును. ఎనిమోనును నిలుపుట చేపను నిలుపుటకంటె కష్టము. పగడపు రాళ్ళ సంగతి వేరు. పగడములు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద మొదటి షెడ్యూలులో నున్నవి. అవి కొనుటయు అమ్ముటయు నేరము. మేము బదులుగా ఒక చిన్న మట్టికుండను ప్రక్కకు పరుండబెట్టితిమి. కుమ్మరి చేసిన ఆ కుండయే మా పెద్దచేపకు ఎనిమోను. రాత్రి దాని మూతియందే నిద్రించును.

ఆ కుండనే మొదట కదిపితిమి. చిన్నచేపను తెచ్చు ఉదయమున రాళ్ళ వరుస మార్చి, కుండను ఎడమ మూల నుండి కుడి మూలకు జరిపితిమి. తన ఇల్లు అని పెద్దచేప నమ్మిన గుర్తులు మారినచో అదియు కొంత క్రొత్తదియే అగును. పోరులో దాని పైచేయి కొంత తగ్గును. పిమ్మట చిన్నచేపను రంధ్రములు గల పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టెలో ఉంచి, ఆ పెట్టెను తొట్టిలోపలనే అంచునకు తగిలించితిమి. నీరు ఒకటే, చూపు కలదు, కాటు మాత్రము అందదు.

మొదటినాడు పెద్దచేప పెట్టెను మూతితో పొడుచుచునేయుండెను. ప్రక్కన చెవియొగ్గినచో టక్కు టక్కుమను సన్నని చప్పుడు వినవచ్చెను. అది గాజునకు తగిలిన చప్పుడని మేమనుకొంటిమి. ఈ చేపలు దవడలను టక్కున మూసి శబ్దము చేయునని 2007లో పార్మెంటియే మొదలగువారు కనుగొనిరని మిత్రులు చెప్పిరి. బెదిరించు శబ్దము వేరు, లొంగు శబ్దము వేరు అనియు తరువాతి పరిశోధనలలో తేలినదట. లొంగుబాటునకు చూపు గురుతు కూడ కలదు. చిన్నది ఒకప్రక్కకు వంగి తలను, దేహమును గజగజ వణకించును. చూడనివారు మూర్ఛ వచ్చినదనుకొందురు. నీవే పెద్ద, నేను పోటీకి రాలేదు అని చెప్పు విధమది. పెట్టెలోని చిన్నచేప రెండవనాటి సాయంకాలమున మొదటిమారు అట్లు వణకెను. పెద్దది ఒక క్షణము నిలిచి వెనుకకు తిరిగెను. చనిపోయిన చేప నాలుగు దినములలో ఒక్కమారైనను వణకలేదని అప్పుడు జ్ఞాపకము వచ్చినది.

అయిదు దినముల తరువాత, పెద్దదానికి కడుపునిండ తిండిపెట్టి, దీపము ఆర్పి, చీకటిలో పెట్టె మూత తీసితిమి. మరునాడు తెల్లవారకముందే వచ్చి చూచితిమి. తరుముట మొదలయ్యెను. చేతిలో వల, తీయుదమా, ఉంచుదమా?

ఇచ్చటనే పెంచువారు తొందరపడుదురు. తరిమినంతనే తీసివేసినచో వానికి పెద్దరికము తేల్చుకొను అవకాశము ఉండదు. మరల కలిపినప్పుడు మొదటికి వచ్చును. తీయక ఊరకున్నచో మా మొదటి చేప గతి పట్టవచ్చును. మేము పెట్టుకొన్న కొలత ఇది: చిన్నది వణకినప్పుడు పెద్దది ఆగుచున్నదా లేదా? ఆగినచో ఎంత తరిమినను భయము లేదు. వణకిన తరువాతను కరచుచుండినను, చిన్నది నీటి పైభాగమున ఒక మూల నక్కి దిగిరాకుండినను, తిండి మానినను, మొప్పలు వేగముగా కొట్టుకొనుచుండినను తడయక తీయవలెను. మా పెద్దచేప ఆగెను. మేము వల దింపితిమి.

ఆరవనాడు మాత్రము చిన్నదాని తోకరెక్క అంచు తెగి కనిపించెను. సాయంకాలమునకు అది తిండికి రాలేదు. వెంటనే పెట్టెలోనికి తీసి రెండు దినములుంచితిమి. ఆ రెండు దినములు మేము పాఠము చెప్పుచుండగనే మనస్సు ప్రయోగశాలలో నుండెనని ఒప్పుకొందుము. తోకరెక్క చివర కొంత అతుకుపడి, గుళికలు తినుట మొదలిడిన పిమ్మట మరల విడిచితిమి. ఈమారు పెద్దది రెండుమారులు తరిమెను, చిన్నది రెండుమారులు వణకెను, అంతటితో సరి. మూడవ వారమున ఒకరాత్రి విద్యార్థియొకడు వచ్చి, చిన్నచేప కనబడుట లేదని కంగారుగా చెప్పెను. పోయి దీపము వేయక చేతిలైటుతో చూచితిమి. కుండ మూతిలో పెద్దచేప వెనుక, గోడవైపు, చిన్నది ఒదిగి నిద్రించుచుండెను.

ఇది వ్రాయునాటికి అవి కలిసియుండుట అయిదవ నెల. పెద్దది 8 సెంటీమీటర్లకు చేరినది. చిన్నది 4 దాటినది, అంతే. గుళికలలో పెద్దవాటిని చిన్నది ముట్టదు. గ్రుడ్లు ఇంకను పెట్టలేదు. చిన్నది మగగా పరిణతి చెందుటకు మరికొంత కాలము పట్టును. పెట్టినచో కుండ లోపలి గోడకే అంటించును. మగచేప వారము దినములు వానికి గాలి విసరుచు కాచును. చీకటిపడిన తరువాత పిల్లలు వెలువడును. ఆ పిల్లలకు వేయుటకు రోటిఫర్లు, పిదప ఆర్టీమియా కావలెను. ఆర్టీమియా మన కోస్తా జిల్లాల రొయ్యపిల్లల హేచరీలవారికి చిరపరిచితమే; రోటిఫర్ల పెంపకము మాత్రము ఇంకను నేర్చుకొనుచున్నాము.

విద్యార్థులు మూడవ చేపను తెత్తమా యని అడుగుచున్నారు. 70 లీటర్లలో ఒక జతకే చోటు. కుదిరిన జత మూడవదానిని బ్రతుకనీయదు. ఎప్పుడైన పెద్దది ముందు పోయినచో చిన్నదియే ఆ స్థానమునకు వచ్చి ఆడుగా మారును. అప్పుడు తేవలసినది దానికంటెను చిన్నది. రంధ్రముల పెట్టెను కడిగి ఆరబెట్టి, తొట్టి క్రింది అరలో వల ప్రక్కన ఉంచితిమి.